నీడ తిరగకముందే జావ

నా చేతి వంట సంగతి మా తిలవాటికలో కుక్కలకి కూడా తెలుసు. ఒకసారి నేను వండిన అన్నం వీధిలో పారబోస్తే, ఊరి కుక్కలన్నీ దాని చుట్టూ చేరి, కాసేపు చూసి, కాళ్ళతో మట్టి కప్పి వెళ్ళిపోయాయి. అబద్ధమనుకుంటే మా ఊరిపెద్దని అడగండి. ఆయన పోయి పదేళ్ళయింది, అయినా అడగండి. అలాంటి నా చేతి జావ తాగి ఒక పెద్దాయన లేచి కూర్చున్నాడంటే మీరు నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి గానీ, చెప్పేది మాత్రం పూర్తిగా వినండి.

అప్పట్లో నేను ఊరి బయట మామిడితోపులో ఉన్న విహారానికి తోటమాలిని. తోటమాలి అంటే చెట్లకి నీళ్ళు పోస్తే సరిపోదు. భిక్షువులు తమ చేత్తో చేయకూడని పనులన్నీ నా నెత్తినే ఉండేవి. వాళ్ళు చెట్టు మీద పండు కోయరు, నేను కోయాలి. పండులో గింజ ఉంటే నేను గోటితో గిల్లి ఇస్తే గాని తినరు. ఎవరో ఒకరు చేతికి అందిస్తే తప్ప మెతుకు నోట్లో వేసుకోరు. ఇక వంట సంగతి చెప్పేదేముంది. తమకు తాము వండుకోరు. విహారం కంచె లోపల ఎవరినీ వండనివ్వరు. ఇవాళ దొరికింది రేపటికి దాచుకోరు. వెల్లుల్లి తినరు. పొద్దు నడినెత్తి దాటి నీడ అటు తిరిగిందంటే ముద్ద ముట్టరు.

“ఆకలి వేళ చూసుకుని వేస్తుందా భంతే?” అని మొదట్లో ఒకాయన్ని అడిగాను.

“వేళకి అలవాటు పడుతుంది కాళకా. నువ్వే పడటం లేదు” అన్నాడాయన.

కాళకుడు నా పేరు. రంగు చూసి పెట్టారు, గుణం చూసి కాదు.

ఆ ఏటి వానాకాలానికి మా తోపులో ఏడుగురు భిక్షువులు ఆగారు. వానలున్నన్నాళ్ళూ వాళ్ళు ఊరు వదిలి కదలరు. కదలాలన్నా ఆ వానకి దారి ఎక్కడ? కప్పలే తడవలేక గుడిసెల్లోకి వచ్చి, మా పక్కన బుద్ధిగా కూర్చునేవి. ఆ ఏడుగురిలో పెద్దాయన ఉసభ థేరుడు. థేరుడంటే పెద్ద భిక్షువు, ఉసభమంటే ఆబోతు. మనిషి మాత్రం గొడుగు కర్రకి కాషాయం చుట్టినట్టుండేవారు. భిక్షువుల నియమాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. ఎక్కడి భిక్షువుకి ఏ సందేహం వచ్చినా, ఏర్లు దాటి వచ్చి ఆయన్నే అడిగేవారు. ఇంకా మాట్లాడేలోపే “కూడదు” అంటారని నేను వెనకాల వేళాకోళం చేసేవాణ్ణి.

వానలు పట్టిన రెండో నెలలో ఆయనకి జ్వరం తగిలింది. వారానికి జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ నాలుకని కూడా వెంట తీసుకుపోయింది. ఏది నోట్లో పెట్టినా బూడిదలా ఉందనేవారు. దానికి తోడు కడుపులో వాయువు. నీళ్ళు తప్ప ఏదీ గొంతు దిగక అప్పటికి తొమ్మిది రోజులు. పదో రోజు పొద్దున వాన తెరిపిచ్చి, చాన్నాళ్ళకి ఎండ మొహం చూశాం. వైద్యుడు బురదలో జారుకుంటూ వచ్చి, నాడి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. నాడి దొరక్కేమోనని నాకు భయం వేసింది.

“బియ్యం, పెసలు, నువ్వులు” అన్నాడు బయటికొచ్చి. “మూడూ కలిపి పలచటి జావ. పాలు వద్దు, నెయ్యి వద్దు, బెల్లం వద్దు. ఇవాళ పొద్దు నడినెత్తికి వచ్చేలోపు అది లోపల పడాలి. రేపు చూద్దామంటే, రేపు నన్ను పిలవక్కర్లేదు.”

ఆ మాట అతను చెప్పింది జోతికుడితో.

జోతికుడి సంగతి చెప్పకపోతే ఈ కథకి రుచి ఉండదు. మూడేళ్ళ కిందటి వరకూ అతను రాజగృహంలో రాజుగారి వంటశాలకి పెద్ద. కుండలో ఉడుకు చప్పుడు విని ఉప్పెంత పడిందో చెప్పేవాడు. అతను పాయసం కాచిన పూట ఏనుగులు తొండాలు వంటశాల వైపు తిప్పి నిలబడితే, మావటివాళ్ళు ఎంత పొడిచినా కదిలేవి కావట. కోటని ముట్టడించిన శత్రురాజు ఒకడు ఆ తాలింపు వాసన తగిలి, అప్పటికప్పుడు సంధి చేసుకుని, విస్తరి ముందు కూర్చున్నాడని కూడా అంటారు. అన్నది నేనే.

అంతటివాడు గరిటె కింద పెట్టి ఉసభ థేరుడి దగ్గర కాషాయం కట్టాడు. నిద్ర తగ్గించుకోవడం, నేల మీద పడుకోవడం, ఒంటిపూట తిండి, అన్నీ తేలిగ్గానే అలవాటయ్యాయట. చేతులే మాట వినేవి కావు. దారిలో ఎవరింట్లో పొయ్యి చిటపటలాడినా అతని వేళ్ళు కదిలేవి. అందుకని చేతులు రెండూ కాషాయంలో దాచుకుని నడిచేవాడు. గురువుకి జబ్బు చేసినప్పటి నుంచి అతనే పక్కన కూర్చుని ఒళ్ళు తుడవడం, నీళ్ళు పట్టడం. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి.

వైద్యుడి మాట వినగానే జోతికుడు భిక్షాపాత్ర తీసుకుని ఊళ్ళోకి నడిచాడు. వెనకాల నేను. భిక్షువు మామూలుగా నోరు విప్పి ఇది కావాలని అడగడు. గుమ్మం ముందు నిలబడతాడు, పెడితే పుచ్చుకుంటాడు, లేదా కదులుతాడు. జబ్బు మనిషి కోసమైతే అడగొచ్చు.

ముందు ఊరిపెద్ద ఇల్లు. ఆయన ఇల్లాలు సులస పరుగున వచ్చింది.

“అమ్మా, మా పెద్దాయనకి జావ కావాలి. బియ్యం, పెసలు, నువ్వులు. అంతే” అన్నాడు జోతికుడు.

“అయ్యో, అంతేనా భంతే? ఇంట్లో మూడావులు పాలిస్తున్నాయి. పాలల్లో కాచి పంపిస్తాను.”

“పాలు వద్దన్నాడమ్మా వైద్యుడు.”

“పోనీ, కాస్త నెయ్యి.”

“నెయ్యీ వద్దు.”

సులస నా మీదికి తిరిగింది. “ఏం కాళకా, నువ్వే ఎక్కించావా ఇదంతా? నిన్న ఉజ్జేని ఏం పంపిందో తెలుసా? ద్రాక్షపళ్ళేసిన పాయసం, పైన తేనె. ఇవాళ నేను పెసర గంజి పంపి, రేపు బావి దగ్గర మొహం ఎక్కడ పెట్టుకోను?”

“ఆయనకి కావలసింది జావ వదినా. నీ మొహం కాదు.”

“నువ్వు నోర్ముయ్. నీకు పుణ్యం ఎలాగూ లేదు, వంటా రాదు.”

పాత్రలో నేతి అన్నం పడింది. పైన నిలువునా ఒక వేయించిన చేప.

అక్కడి నుంచి నూనె వర్తకుడి ఇల్లు. అతని పెళ్ళాం ఉజ్జేని మేం గుమ్మం చేరకముందే పాత్రలోకి తొంగి చూసింది.

“సులసక్క చేప పెట్టిందా? అయితే నేను లేడి మాంసం పెడతా.”

“జావ కావాలి తల్లీ. పలచటి జావ.”

“జావా?” ఆమె గొంతు తగ్గించింది. “భంతే, మీరు ఏమీ అనుకోకండి. పెద్దాయనకి ఇవాళో రేపో అంటున్నారు. ఆఖరి పూట ఆయనకి గంజి పోసింది ఎవరయ్యా అంటే, నూనె వర్తకుడి పెళ్ళామని పదిమందీ చెప్పుకోవాలా?”

ఇలా ఏడిళ్ళు తిరిగాం. మా ఊళ్ళో పుణ్యమంటే అంత పోటీ. ఒకరి కంటే ఒకరు ఘనంగా పెట్టాలి. జావ పోయమంటే, తామేదో చిన్నబోయినట్టు అందరూ ఇంకో గరిటె నెయ్యి పోశారు. వీధి చివరికి వచ్చేసరికి పాత్ర మోయలేక జోతికుడి భుజం ఒరిగింది.

“ఇందులో రాజుగారి విందుంది కాళకా” అన్నాడు. “ఒక్క మెతుకు కూడా ఆయన గొంతు దిగదు.”

ఎండ అప్పటికే వీపు మీద చురుక్కుమంటోంది. నాకు నోరు ఊరుకోదు కదా.

“నేను కాస్తాను భంతే” అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. అన్నేళ్ళు రాజు పక్కన పనిచేసినవాడు, మొహంలో ఏదీ కనపడనీయడు. అయినా కనపడింది.

“మీ ఆవిడ...?”

“కూతురి పురుడికి ఏటి అవతలకి వెళ్ళింది. నేనే కాయాలి.”

అతను కళ్ళు మూసుకుని తెరిచాడు. “సరే. పద.”

ఇంటికి పోయి రెండు జావలకి సరిపడా గింజలు మూట కట్టుకున్నాను. ఒకటి ఎలాగూ పాడుచేస్తానని నా నమ్మకం. కంచెకి అవతల, దారి పక్కన మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేశాను. జోతికుడు కంచెకి ఇవతల, లోపల గడ్డి మీద కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్యా మోకాలెత్తు ముళ్ళకంచె.

“పెసలు ముందా, నువ్వులు ముందా?” అన్నాను.

“అది నేను చెప్పకూడదేమో.”

“నేను అడిగితే?”

అతను ఆలోచించాడు. “అడిగితే... రాజుగారి వంటశాలలో ముందు పెసలు వేయించేవాళ్ళు. అంతవరకూ చెప్పొచ్చు.”

“ఎంతసేపు?”

“పక్కింటికి వాసన వెళ్ళేదాకా. పక్క ఊరికి కాదు కాళకా, దింపు, దింపు!”

ఎలాగోలా మూడూ కుండలో పడ్డాయి, నీళ్ళు పడ్డాయి. జోతికుడు కళ్ళు మూసుకుని చప్పుడు వింటున్నాడు. చేతులు కాషాయంలో ఉన్నాయి. గరిటె తిప్పమన్నట్టు తల తిప్పుతున్నాడు, నేను తిప్పుతున్నాను. అంతా బాగానే ఉందనుకున్నాను. మంట మందగించిందని వంగి ఊదాను. పొగంతా నా కళ్ళల్లోకి వచ్చింది. కుండ ఒక్కసారిగా పొంగింది. నేను గరిటె వదిలేసి కళ్ళు నలుపుకుంటూ వెనక్కి పడ్డాను.

కళ్ళు తెరిచేసరికి గరిటె జోతికుడి చేతిలో ఉంది. ఎప్పుడు కంచె దాటాడో తెలియదు. కాలి పిక్క మీద ముల్లు గీరిన రక్తం. ఎడమచేత్తో రెండు కట్టెలు లాగేశాడు. కుడిచేత్తో నురగ ఎత్తి, అడుగు నుంచి పైకి ఒక చుట్టు తిప్పి, మళ్ళీ ఒక చుట్టు తిప్పి, కుండ అంచు మీద గరిటెతో రెండుసార్లు తట్టాడు. మీరు పది లెక్కపెట్టేలోపు అయిపోయింది. జావ సద్దుమణిగింది. అప్పుడు లేచింది వాసన. పైన ఆకాశంలో వరసగా పోతున్న కొంగలు వంకర తిరిగి, మా పొయ్యి మీదుగా ఒక చుట్టు చుట్టి వెళ్ళాయి.

జోతికుడు నవ్వుతున్నాడు. మా తోపుకి వచ్చాక అతని నవ్వు చూడటం అదే మొదలు. ఆ తర్వాత తన చేతిలోని గరిటె చూసుకున్నాడు.

గరిటె కింద పడింది.

“నేను వండాను” అన్నాడు.

“వండలేదు భంతే, పొంగు ఆపారు.”

“తిప్పాను. మంట సర్దాను. ఇది నా వంట.”

“చూసింది నేనొక్కణ్ణే. నాకసలే చూపు మందం. ఆపైన పొగ.”

“నేనూ చూశాను కదా కాళకా.”

“అక్కడ మనిషి పోతున్నాడు! ఆయన బతకాలా, గరిటె ఎవరు తిప్పారో తేలాలా?”

అతని మొహం తెల్లబోయింది. తిన్నగా గురువు గుడిసెకి నడిచాడు. ఏమైతే అదైందని నేనూ కుండ పట్టుకుని వెనకే పోయాను.

ఉసభ థేరుడు గోడకి తిరిగి పడుకుని ఉన్నారు. జోతికుడు గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని జరిగింది చెప్పాడు. ఒక్క మాట కూడా తగ్గించలేదు. చెప్పి, నేలకి తల ఆనించి అలాగే ఉండిపోయాడు.

“వాసన ఇక్కడిదాకా వచ్చింది” అన్నారు థేరుడు మెల్లగా. “కాళకుడికి ఇంత చెయ్యి ఎప్పుడొచ్చిందా అనుకున్నాను. తీసుకెళ్ళు కాళకా. నేను తాగను.”

నాకు ఒళ్ళు మండింది. “మీకు నియమం ముద్దు, ప్రాణం కాదు. మేం ఊరంతా తిరిగొచ్చాం. ఈయన పది రోజులై నిద్రపోలేదు. అలాగే పోండి భంతే, ‘కూడదు, కూడదు’ అనుకుంటూనే పోండి.”

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం మెల్లగా ఇటు తిరిగారు.

“కోపం తీరిందా? కూర్చో. వజ్జిదేశంలో కరువొచ్చిన ఏడు నీకు తెలియదు. ఆ ఏడు మాకు సడలింపు దొరికింది. లోపల దాచుకోవచ్చు, లోపల వండుకోవచ్చు, మా చేత్తో మేమే వండుకోవచ్చు. నెల తిరిగేసరికి గుడిసెకో కుండ, కుండకో మూత. ఒకరి కుండ ఒకరు చూడకుండా తలుపులు. నేనూ దాచాను. బాగా వండుకునేవాణ్ణి కూడా.” ఆగి ఊపిరి తీసుకున్నారు. “నా పక్క గుడిసెలో ఒక ముసలి భిక్షువు ఉండేవాడు. లేచి వండుకునే ఓపిక లేదు. నా పొయ్యి పొగ చూస్తూ పడుకునేవాడు. ఆయన పోయిన రోజున నా కుండలో ఇంకా రెండు దోసిళ్ళ బియ్యం ఉంది.”

నేను కుండ కింద పెట్టాను.

“తర్వాత ఆ సడలింపు తీసేశారు. అప్పటి నుంచి నా అన్నం ఊరివాళ్ళ చేతిలో ఉంది. ఒకరు పెడితే తిన్నాను, పెట్టనినాడు పస్తున్నాను, హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు చచ్చేముందు మళ్ళీ మా భిక్షువుల పొయ్యి దగ్గరికి నన్ను తీసుకుపోకండి.” కాస్త ఆగి, “ఇంకా పొద్దుంది కదా. నువ్వే కాయి. నీ జావ నాకిష్టమే” అన్నారు.

“తాగకుండానే?”

“అందుకే ఇష్టం.”

మళ్ళీ పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. ఈసారి జోతికుడు తోపు ఆ చివరికి పోయి, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. అడిగినా వినపడనంత దూరం. విహారం వాకిట్లో వేళ చూసుకునే కర్ర ఒకటి పాతి ఉండేది. దాని నీడ అప్పటికి మూరెడు ఉంది. నేను గింజలు వేయించేసరికి జానెడైంది. నీళ్ళు కాగేసరికి బెత్తెడైంది. వానాకాలపు నీడ ఎంత తొందరగా కుంచించుకుపోతుందో ఎప్పుడైనా చూశారా? చచ్చేంత కంగారు పుట్టింది. ఉన్న కట్టెలన్నీ పొయ్యిలోకి ఎగదోశాను. జావ కుతకుతలాడింది. ఒక కన్ను నీడ మీద, ఒక కన్ను కుండ మీద. రెండు కళ్ళకి మధ్యన అడుగంటింది.

ఆ వాసన మీకు చెప్పక్కర్లేదు. కొంగలు ఈసారి ఊరు చుట్టూ తిరిగి పోయాయి.

కుండ పట్టుకుని గుడిసె గుమ్మంలో నిలబడ్డాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. పొగకి.

“ఎవరు కాచారు?” అని అడిగారు థేరుడు.

“నేనే భంతే. కంచెకి అవతలే. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎవరైనా పెట్టేలా కూడా లేదు.”

“పూర్తిగా ఉడికిందా?”

“ఉడకడం ఎప్పుడో దాటిపోయింది.”

ఆయన నవ్వబోయారు, దగ్గొచ్చింది. దగ్గు ఆగాక, “జోతికుణ్ణి పిలు” అన్నారు.

జోతికుడు వచ్చి తల వంచుకు నిలబడ్డాడు. చేతులు కాషాయంలోనే ఉన్నాయి.

“జోతికా, ఇంకొకరు పూర్తిగా వండి తెచ్చింది చల్లారితే, భిక్షువు దాన్ని మళ్ళీ వేడి చేసుకోవచ్చా, కూడదా?”

జోతికుడు పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నెమ్మదిగా అన్నాడు. “చేసుకోవచ్చు భంతే. ఒకసారి వండినదాన్ని మళ్ళీ పొయ్యి మీద పెట్టడానికి అనుమతి ఉంది.”

“కంచె లోపల?”

“లోపలైనా.”

“ఎవరి చేత్తో?”

జోతికుడు తల ఎత్తాడు.

“మూడేళ్ళుగా చేతులు దాచుకుని తిరుగుతున్నావు” అన్నారు థేరుడు. “ఏవి కూడదో అన్నీ వచ్చి నన్ను అడిగి నేర్చుకున్నావు. ఏవి కూడునో ఒక్కనాడైనా అడుగుతావని చూశాను. పో, పొద్దు పోతోంది.”

అతను అగ్నిశాలకి నడిచిన నడకని నడకంటే తప్పు. అగ్నిశాలంటే భిక్షువులు స్నానానికి నీళ్ళు కాచుకునే కొట్టు. నిప్పు ఎప్పుడూ ఉంటుంది.

“ఉప్పు వేశావా?” అన్నాడు నాతో.

“మర్చిపోయాను.”

“ఇప్పుడే వెయ్యి, నువ్వే. అయ్యాక కుండ నా చేతికి అందించు. ఆ తర్వాత నువ్వు ముట్టకు.”

వేశాను, అందించాను. కాషాయంలోంచి అతని చేతులు బయటికొచ్చాయి. కుండని నిద్రపోతున్న పసిబిడ్డలా పొదివి పట్టుకున్నాడు. కదపలేదు, కలపలేదు. అడుగున మాడింది మాడినట్టే ఉండగా, పైది పైపైన ఒక కొత్త కుండలోకి వంచాడు, గుడ్డలో వడగట్టాడు. కాగుతున్న నీళ్ళు కాసిని చేర్చి, నిప్పుల మీద, మంట లేని చోట పెట్టాడు. తల పక్కకి వంచి విన్నాడు. ఒక నిప్పు అటు జరిపాడు. మళ్ళీ విన్నాడు. నేను వాకిట్లోకీ లోపలికీ తిరుగుతూ నీడ ఎంతుందో అరుస్తున్నాను. మూడు వేళ్ళు, రెండు వేళ్ళు.

“అరవకు. జావ బెదురుతుంది” అన్నాడు. వేళాకోళం ఆడటం కూడా వచ్చునన్నమాట!

థేరుణ్ణి గోడకి ఆనించి కూర్చోబెట్టాం. జోతికుడు పాత్ర ఆయన పెదవులకి ఆనించాడు. మొదటి గుటక. గొంతు కదిలింది. రెండో గుటక. మూడో గుటకకి ఆయన మొహం ముడుచుకుంది.

“మాడింది” అన్నారు.

జోతికుడి చెయ్యి ఆగిపోయింది. నేను వంగి అడిగాను. “బూడిదలా ఉందా భంతే?”

“బూడిద కాదయ్యా. పెసలు మాడాయి. నువ్వులు చేదెక్కాయి. ఉప్పు చాల్లేదు.” అంటూనే ఆగి మా మొహాలు చూశారు. తనేం అన్నారో అప్పుడు తెలిసింది ఆయనకి. నాలుకతో పెదవులు తడుపుకుని చూసుకున్నారు. “పెట్టినదానికి వంక పెట్టకూడదు. ఇది వంక కాదు, ఉన్నమాట. ఇంకొంచెం పొయ్యి.”

జోతికుడు అటు తిరిగి పోశాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియదు, నేను నా కళ్ళు తుడుచుకునే పనిలో ఉన్నాను.

రెండో పాత్ర సగమయ్యాక థేరుడు, “నీడ చూసి రా” అన్నారు. బయటికెళ్ళి చూశాను. కర్ర మొదట్లో గోరంత మిగిలింది. ఆ కర్ర పీకి, కాస్త వంచి పాతితే ఎలా ఉంటుందా అని ఒక క్షణం నిజంగానే ఆలోచించాను. వచ్చి ఉన్నది చెప్పాను. ఆయన ఇంకో గుటక తాగి పాత్ర దించేశారు.

“చాలు. రేపు కాచేటప్పుడు మంట తగ్గించు కాళకా.”

తొమ్మిది రోజుల్లో ఆయన నోట రేపు అన్న మాట రావడం అదే మొదలు.

మొదటి కుండ ఏమైందంటారా? తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్ళాను, పొదచాటుకి. ఏనుగుల సంగతి నేను ఊరికే చెప్పలేదని అప్పుడు నాకే తెలిసింది.

ఇంత జరిగాక నేను నోరు కట్టుకుని ఉంటే బాగుండేది. సాయంత్రం బావి దగ్గర నిలబడి, మాడిన జావ తాగి పెద్దాయన లేచారని చెప్పాను. కాస్త ఎక్కువే చెప్పాను. మర్నాడు పొద్దున ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ పొగ. సులస వెండి మూత పెట్టిన కుండలో మాడిన జావ పంపింది. ఆమె కంటే వెనకబడకూడదని ఉజ్జేని రెండుసార్లు మాడ్చి పంపింది. మిగిలిన ఆరుగురు భిక్షువులు నాలుగు రోజులు దాన్నే నోరెత్తకుండా మింగారు. పెట్టినదానికి వంక పెట్టకూడదు కదా. కనపడినప్పుడల్లా నా వంక చూసిన చూపులు మాత్రం ఏ నియమంలోనూ పడవు. జోతికుడు రోజూ పది కుండలు వంచి, వడగట్టి, వేడి చేసేవాడు. చేతులు మళ్ళీ కాషాయంలోకి పోలేదు.

ఐదో రోజున ఉసభ థేరుడు లేచి, కర్ర పట్టుకుని, పాత్ర భుజాన వేసుకుని తనే ఊళ్ళోకి బయల్దేరారు. ఒక్కో ఇంటికీ ఒక్కో జాములా నడిచారు. సులస గుమ్మంలోనే ఉంది. ఆయన్ని చూసి చేతులు జోడించింది, ఆపైన కంగారు పడింది.

“భంతే, ఇవాళ ఏం పెట్టమంటారు? ఏది చెబితే అది చేస్తాను.”

జబ్బు తగ్గింది గనుక ఆయన ఇక అడగకూడదు. ఊరికే నిలబడ్డారు. నేను మాత్రం భిక్షువుని కాదు కదా.

“వదినా, నువ్వు నీకోసం ఏం వండుకున్నావు?”

“నాకోసమా? ఏముంది, అన్నం, కాస్త తోటకూర.”

“అందులో ఒక గరిటె పెట్టు.”

సులస లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు పళ్ళెం కొంగు చాటున పట్టుకుని, పక్కింటి వైపు ఒకసారి చూసి, గబగబా పాత్రలో పెట్టేసింది. ఉసభ థేరుడు వంగి వాసన చూశారు. కళ్ళు మూసుకుని, మళ్ళీ చూశారు.

“వెల్లుల్లి లేదు, మంచిది” అన్నారు. “ఉప్పు సరిపోయినట్టుంది.”

పక్క గోడ మీంచి ఉజ్జేని మునివేళ్ళ మీద నిలబడి తొంగి చూస్తోంది. “ఏం పెట్టిందే? కాళకా, ఏం పెట్టిందో చెప్పు!”

“చెప్పను” అన్నాను.